కాటాలో కదలకుండా కూర్చుంది

మా హారిక మెడ వెనక ఇప్పుడు పొడుగాటి మచ్చ ఉంది. దాని కింద కడ్డీలు, మరలు ఉన్నాయి. ఇక తను తల వెనక్కి పడేయలేదు, పక్కకు తిప్పలేదు. ఆపరేషన్ అయి ఏడాది దాటింది. ప్రాణగండం తప్పిందని డాక్టర్లు అన్నాకే నాకు కూర్చుని రాసే ఓపిక వచ్చింది. రాయకపోతే నా కోపమంతా వంటింటి మీద పోతోంది. ఇప్పటికే రెండు గిన్నెలకు సొట్టలు పడ్డాయి.

మాది కుంట. బస్తర్‌కు దక్షిణపు చివర, శబరి ఒడ్డున ఉంటుంది. మెయిన్ రోడ్డు మీద మా మామయ్య కిరాణా కొట్టు. ముందు వైపు ఉప్పు, పప్పు, సబ్బులు. వెనక గోదాములో చింతపండు, ఇప్పపువ్వు, చిరోంజీ అనే సారపప్పు. కొట్టులో మామయ్య, మా ఆయన రమేశ్ కూర్చుంటారు. అత్తయ్య పోయి చాలా ఏళ్లయింది. హారిక మాకు ఒక్కతే బిడ్డ.

తను పుట్టగానే ఏడవలేదు. అప్పుడు మెదడుకు గాలి అందక తగిలిన దెబ్బ వల్ల ఒళ్లు తన మాట వినదు. మెలకువగా ఉన్నంతసేపూ చేతులు ఎగురుతాయి, కాళ్లు తన్నుతాయి, తల వెనక్కి విరుచుకుపడుతుంది. నిద్రలోనే అన్నీ ఆగేవి. మాట రాదు కానీ బుర్ర మాత్రం పాదరసం. తల వెనక్కి పడేస్తే ఔను, పక్కకు తిప్పితే కాదు. ఈ రెండింటితోనే ఇల్లంతా ఏలేది. సీరియల్లో ఎవరు మంచివాళ్లో తేల్చేది, నేను పప్పులో ఉప్పు మర్చిపోతే తాతయ్య ముందు నా పరువు తీసేది.

నాకొక చెడ్డ అలవాటు ఉండేది. తను చెప్పిన జవాబు నాకు నచ్చకపోతే మళ్లీ అడిగేదాన్ని. ‘స్నానం చేద్దామా?’ కాదు. ‘చేద్దాం కదా, బంగారు తల్లివి కదా?’ కాదు. మూడోసారికి విసుగొచ్చి తల వెనక్కి పడేసేది. చూశారా, ఒప్పుకుంది అని నేను నవ్వేదాన్ని. ముద్దు చేస్తున్నాననే అనుకున్నాను.

మా కొట్టుకు హారికది బోణీ చెయ్యి. ఈ ఆనవాయితీ మామయ్యే మొదలుపెట్టాడు. పొద్దున కొట్టు తెరవగానే హారికను కుర్చీలో గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టేవాడు. మొదటి బేరానికి వచ్చిన మనిషికి తన చేత్తో చిన్న బెల్లం ముక్క ఇప్పించేవాడు. ఆ ముక్కను తను పిడికిట్లో బిగించి పట్టేది. చెయ్యి ఎటు ఎగిరితే అటు జనం దోసిలి పట్టుకుని వంగేవారు. ఒక్కోసారి బెల్లం సబ్బుల మీద పడేది, ఒక్కోసారి ఎవరి తలపాగాలోనో పడేది. రోడ్డు మీద వెళ్లేవాళ్లు కూడా ఆగి నవ్వేవారు. ‘అవిటి పిల్లను కొట్టులో పెడతారా’ అని మొదట్లో ముక్కు విరిచిన చుట్టాలే తర్వాత తన చేతి బెల్లం కోసం పెందలాడే వచ్చేవారు. మామయ్య మీద నాకు గౌరవం కలిగింది కూడా అందుకే. ఆ గౌరవమే తర్వాత నా కళ్లు కప్పింది.

దసరా నుంచి జాతర దాకా

హారికకు ఎనిమిదేళ్లు వచ్చిన ఏడు, దసరా దాటాక తన ఒళ్లు నెమ్మదించడం మొదలైంది. ముందు కుడి చెయ్యి. అన్నం పెడుతుంటే గిన్నె ఎగిరి పడటం తగ్గింది. తర్వాత ఎడమ చెయ్యి. కాళ్లు తన్నడం మానేసి కర్రల్లా చాచుకుని ఉండేవి. ఒక ఆదివారం ఎవరూ పట్టుకోకుండానే తనకు రెండు జడలు వేశాను. ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. ఆ జడలకు కనకాంబరాలు పెట్టి వీధంతా చూపించి వచ్చాను.

మా సంబరం అంతా ఇంతా కాదు. నేను సాయంత్రం ఉప్పు దిగదుడిచి పొయ్యిలో వేసేదాన్ని, ఎవరి దిష్టీ తగలకూడదని. మామయ్య అయితే, ‘మన పిల్ల కుదుటపడ్తాంది బిడ్డా, అమ్మవార్లు కండ్లు తెరిచిన్రు’ అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

మాఘమాసంలో మేడారం జాతర వచ్చింది. మా వైపు సమ్మక్క సారలమ్మలకు బెల్లమే బంగారం. మొక్కుకున్న మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి మోసుకెళ్లి గద్దెల దగ్గర సమర్పిస్తాం. హారిక నాలుగేళ్లప్పుడు ఒకసారి ఇలాగే తూచబోతే కాటా పళ్లెం ఉయ్యాల ఊగింది, బెల్లం గోదామంతా దొర్లింది. చివరికి కంటి అంచనాతో తీసుకెళ్లాం. ఆ లోటు ఈసారి తీరాలని మామయ్య పట్టుదల.

అడవి సరుకు తూచే పెద్ద కాటా గోదాములో దూలానికి వేలాడుతుంది. పళ్లెంలో దుప్పటి పరిచి, ‘హారికా, కూర్చుంటావా?’ అని అడిగాను. తల పక్కకు తిప్పింది. ‘అమ్మవార్ల బంగారం కదా, కూర్చుంటావు కదా?’ మళ్లీ కాదు. మూడోసారి అడిగితే జవాబే ఇవ్వలేదు. తన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊగుతుందని భయపడుతోంది అనుకున్నాం. మామయ్య ఎత్తి కూర్చోబెట్టాడు.

కదలకుండా కూర్చుంది. రెండో పళ్లెంలో మామయ్య ఒక్కొక్క బెల్లం అచ్చు పెడుతుంటే కళ్లు మాత్రం నా వైపే ఉన్నాయి. ముల్లు నిటారుగా నిలబడింది. మామయ్య కాటాకే చేతులు జోడించాడు. మా ఆయన ఫోన్‌లో ఫొటో తీశాడు. నేను ఆనందం పట్టలేక ఏడ్చాను. ఆ ఫొటో చుట్టాలందరికీ పంపింది కూడా నేనే. దాన్ని చెరిపేయాలని ఎన్నోసార్లు అనుకున్నాను, ఇంకా చెరపలేదు.

తునికాకు రోజులు

ఎండలు ముదిరి, ఊళ్లన్నీ బీడీలు చుట్టే తునికాకు కోతకు వెళ్లే రోజులు వచ్చాయి. హారిక ఒంటేలుకు ముందే చెప్పే పిల్ల, పక్క తడిపేయడం మొదలుపెట్టింది. ఇంత పెద్దదానివయ్యావు, బద్ధకమా అని తిట్టాను. ఒకరోజు చెయ్యి కూడా చేసుకున్నాను. నీళ్లు తాగుతుంటే పొలమారేది. పడుకోబెట్టి తల దిండు మీద ఆనిస్తే కెవ్వున అరిచేది. ‘నొప్పా?’ అంటే ఔను. ‘నిజంగా నొప్పేనా, పడుకోవడం ఇష్టం లేకనా?’ అంటే కాసేపు నన్ను చూసి కళ్లు దించుకునేది.

జిల్లా కేంద్రంలో ఒక డాక్టరుకు చూపించాం. వరండాలో మూడు గంటలు కూర్చున్నాం. లోపలికి వెళ్లాక ఆయన హారికను ముట్టుకోలేదు, కుర్చీలోంచి లేవలేదు. ‘యే తో జనమ్ సే హై నా? ఐసే హీ రహేగా. ఆదత్ డాల్ లో’ అన్నాడు. పుట్టుకతో వచ్చింది కదా, ఇలాగే ఉంటుంది, అలవాటు చేసుకోమని. తిరిగొచ్చేటప్పుడు జీపులో మా ఆయన నా మొహం చూడకుండా రోడ్డే చూస్తూ కూర్చున్నాడు. ఆయనకూ దిగులేనేమో అనుకుని నేనే ధైర్యం చెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నిజం నాకు ఇంట్లోవాళ్లు చెప్పలేదు. ముత్తమ్మ చెప్పింది. కుంటకు ఆరేడు మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లో సాగు చేసుకునే దొర్ల తెగ మనిషి. సంత రోజు అందరికంటే ముందొచ్చి హారిక చేతి బెల్లం తీసుకునేది. ఆకు కట్టలు కట్టీ కట్టీ చేతులు నల్లబడి ఉన్నాయి. కోత ముగిశాక ఒక సంత రోజు పెరట్లోకి వచ్చి, నీళ్లడిగి తాగి, వెళ్లకుండా నిలబడింది.

“షావుకారమ్మా, ఓ మాట అంట, కోపం చేయకు. చిన్నమ్మ చెయ్యి ఏమైంది?”

“ఏమైంది? నెమ్మదించింది కదా.”

“నెమ్మదించుడు గాదమ్మా. చచ్చువడ్డది. బెల్లం నిలుస్తలేదు అందులో. పెద్దాయన కింద తన చెయ్యి వెట్టి, వేళ్లు మడిచి, పట్టి ఇప్పిస్తాండు. ఇయ్యాళ గాదు, వరి కోతలప్పటి సంది చూస్తాన. నీకు ఎరుకే అనుకున్న.”

వరి కోతలంటే జాతరకు చాలా ముందు. పొద్దుటి పూట నేను వంటింట్లో ఉంటాను, బోణీ వేళ కొట్టులోకి వెళ్లను. లోపలికి పరుగెత్తి హారిక అరచేతిలో బెల్లం ముక్క పెట్టాను. వేళ్లు ముడుచుకోలేదు. ముక్క జారి ఒళ్లో పడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది. నా కూతురు ఆ ముక్కను కాదు, నన్ను చూస్తోంది.

ఆ మధ్యాహ్నం మామయ్యను కొట్టులోనే నిలదీశాను. అంతకుముందు ఆయన ముందు గొంతెత్తి ఎరగను.

“పిల్ల చెయ్యి పడిపోయిందని మీకు తెలుసా మామయ్యా?”

ఆయన గల్లాపెట్టె మూశాడు. “పడిపోవుడేంది బిడ్డా, జర బలం తగ్గింది. నలుగురి ముందర చెయ్యి జారితే ఏమంటరు? బోణీ చెయ్యి పోయింది అంటరు. మళ్ల అవిటి పిల్లనే అయితది లోకానికి. దానికోసమే పట్టిన.”

దానికోసమేనట. ఆయన అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు, అందుకే మరీ కోపం వచ్చింది. పిల్లకు మర్యాద సంపాదించి పెట్టిన మనిషే, ఆ మర్యాద పోతుందని పిల్లనే దాచేశాడు.

శబరి పోటెత్తినప్పుడు

భద్రాచలం వెళ్దామని బయలుదేరే సరికి వానలు ముంచుకొచ్చాయి. అటు గోదావరి నిండితే మా శబరి వెనక్కి తన్నుతుంది. రోడ్డు మీదికి నీళ్లొచ్చి మూడు రోజులు బస్సు లేదు, జీపు లేదు. ఆ మూడు రోజుల్లో హారిక గుటక వేయడానికి కూడా అవస్థ పడింది. నేను చెంచాతో జావ పోస్తూ ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను.

మూడో రోజు పొద్దున మా ఆయన వచ్చి నా ముందు ఒక కాగితం పెట్టాడు. మడతల దగ్గర పసుపు, కుంకుమ అంటి ఉంది.

“ఏందిది?” అన్నాను.

“దసరా తర్వాత శిబిరంలో ఇచ్చిన్రు.”

జగదల్‌పూర్‌లో అప్పుడప్పుడూ ఇలాంటి పిల్లల కోసం పెట్టే శిబిరానికి ఆ దసరా తర్వాత మా ఆయన ఒక్కడే హారికను తీసుకెళ్లాడు. అక్కడ వ్యాయామం నేర్పే అమ్మాయి హిందీలో రెండే ముక్కలు రాసింది. చేతుల్లో బలం తగ్గుతోంది, మెడ ఎక్స్‌రే వెంటనే తీయించండి. కింద గీత కూడా గీసింది.

“ఇన్నాళ్లూ ఎక్కడుంది ఇది?”

“కొట్టుల లక్ష్మీదేవి పటం వెనక. నాయినకు చూపిచ్చిన. ఫొటో తీస్తే ఆపరేషన్ అంటరు, మెడ మీద కత్తి పెడితే పిల్ల దక్కదు అన్నడు. పిల్ల చూస్తే నెమ్మదిస్తాంది. అమ్మవారికి అప్పజెప్పుదాం, జాతర అయినంక చూద్దాం అన్నడు. నేను సరే అన్న.”

“జాతర అయినంక?”

“నువ్వు అంత సంబరంగ ఉన్నవు. చెప్పబుద్ధి కాలే.”

అంటే నేను కనకాంబరాలు పెట్టి వీధంతా తిప్పిన రోజున ఆ కాగితం పటం వెనక ఉంది. పిల్లను కాటాలో కూర్చోబెట్టిన రోజున ఉంది. రోజూ పొద్దున నేను వెలిగించి పంపే అగరుబత్తి పొగ దానికే తగిలింది. నేను ఏడవలేదు. “ఇంకెప్పుడూ నా సంతోషం కోసం నాకు అబద్ధం చెప్పకండి” అన్నాను. ఆయన తల వంచుకుని ఏడ్చాడు. ఓదార్చడానికి నా చెయ్యి లేవలేదు.

నీళ్లు తీశాక జీపు దొరికింది. కాగితంలో మెడ అని ఉంది కాబట్టి భద్రాచలం దాకా హారిక తలను నా రెండు అరచేతుల మధ్య పట్టుకునే ఉన్నాను. గుంత వచ్చిన ప్రతిసారీ డ్రైవర్ ముందే, ‘అక్కా, గట్టిగ పట్టుకో’ అని చెప్పి నడక వేగంతో దాటించాడు. ఆ అబ్బాయి పేరు అడగడం కూడా మర్చిపోయాను.

హైదరాబాద్

భద్రాచలంలో పిల్లల డాక్టరు పెద్దాయన. అందరిలా ‘పుట్టినప్పుడు ఏడ్చిందా’ అని మొదలుపెట్టలేదు.

“ఇంతకుముందు చేసి, ఇప్పుడు చేయలేకపోతున్నవి ఏమున్నయమ్మా?”

ఈ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నేనూ వేసుకోలేదు. బెల్లం పట్టుకోవడం, కాళ్లు తన్నడం, ఒంటేలుకు చెప్పడం, పగలబడి నవ్వడం. ఆయన అంతా విని, దగ్గరుండి మెడ ఫొటో తీయించి, వెలుగులో పెట్టి చూపించాడు. తలను మోసే మొదటి రెండు ఎముకలు. పిల్ల ఏళ్ల తరబడి తల విసరగా విసరగా వాటి కట్టు వదులైపోయింది. పై ఎముక జారి లోపలి వెన్నుపామును నొక్కుతోంది.

“మీ పాప నెమ్మదించలేదమ్మా. చేతులకు, కాళ్లకు కబురు పోతలేదు.”

ఇంకొక మాట కూడా అన్నాడు. మొదటి జబ్బు ఉన్నచోటే ఉంటుంది, పెరగదు. కొత్తగా ఏదైనా పోయిందంటే దానికి ఇంకో కారణం వెతకాలి. ఇది చదివే మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే దయచేసి ఈ మాట ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నెమ్మదించిందని మురిసిపోకండి. నెమ్మదించిన చేతిలో ఏదైనా పెట్టి పట్టుకోగలదో లేదో చూడండి.

మెడకు గట్టి పట్టీ వేసి ఆ రోజే హైదరాబాద్ పంపారు. అక్కడి సంగతులు నాకు వరుసగా గుర్తులేవు. నీలం రంగు కుర్చీలు గుర్తున్నాయి. నంబరు పిలిస్తే అందరం ఒకేసారి లేచి, మనది కాకపోతే ఒకేసారి కూర్చునేవాళ్లం. ఆపరేషన్‌లో పోవచ్చు, చేయకపోతే ఊపిరి ఆగి పోతుంది అన్నారు. సంతకం మా ఆయన చేయబోతే కాగితం లాక్కుని నేను చేశాను. ఆరు గంటలపాటు తలుపు వైపు చూస్తూ కూర్చుంటే, ఎవరో తెలియని ఒకామె తన డబ్బాలోంచి సగం రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. ఏమీ అడగలేదు, తను కూడా తలుపే చూస్తూ తింది.

బతికింది. కానీ మెడ పట్టీలో బిగించారు, మెడ కదపకుండా మందులిచ్చారు. కళ్లు తెరిచాక ఏదో చెప్పాలని చూసింది, తల కదల్లేదు. ఔను లేదు, కాదు లేదు. తనకున్న రెండు మాటలూ పోయాయి. కళ్ల వెంట నీళ్లు చెవుల్లోకి కారుతుంటే నేను తుడుస్తూ ఉండిపోయాను.

దారి చూపింది వార్డు ఆయా యాదమ్మ. పక్క సర్దుతూ, “ఏం బిడ్డా, మాటలు బందైనయా? కండ్లు మూస్తే ఔను. నాలుక చూపిస్తే కాదు. సమజైందా?” అంది. హారిక కళ్లు మూసింది. “నేను మంచిగున్ననా?” అంది యాదమ్మ. హారిక నాలుక బయటపెట్టింది. మేం నవ్విన నవ్వుకు నర్సు వచ్చి మమ్మల్ని మందలించింది.

ఆ సాయంత్రం నేను అడిగాను. “మెడ నొప్పి జాతర ముందే ఉందా?” కళ్లు మూసింది. “కాటాలో కూర్చోనన్నది అందుకేనా?” మూసింది. ‘నిజంగానా’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. తను ఎప్పుడో చెప్పింది. చెప్పినప్పుడల్లా నేను మళ్లీ అడిగాను.

ఇప్పుడు

తిరిగి కుంట వచ్చి ఎనిమిది నెలలు. పట్టీ తీసేశారు. పోయినదంతా రాదని ముందే చెప్పారు, రాలేదు కూడా. కాళ్లు ఇంకా బిర్రబిగిసే ఉన్నాయి. ఊపిరి బాగుంది, గుటక బాగుంది. కుడి చెయ్యి మాత్రం మొన్న మళ్లీ ఎగిరింది, పెరుగన్నం గిన్నె గోడకు తగిలింది. ఆ మరక ఇంకా కడగలేదు. మా ఆయనతో మాట్లాడుతున్నాను. మునుపటిలా కాదు. ఆస్పత్రి కాగితాలన్నీ ఇప్పుడు నా పెట్టెలో ఉంటాయి, తాళం నా దగ్గరే ఉంటుంది.

మొన్న సంత రోజు హారికను ఆపరేషన్ తర్వాత మొదటిసారి కొట్టులో కూర్చోబెట్టాం. పొద్దున్నే ముత్తమ్మ వచ్చి దోసిలి పట్టుకుని నిలబడింది. మామయ్య బెల్లం ముక్క తెచ్చి, అలవాటు ప్రకారం హారిక చేతి కింద తన చెయ్యి పెట్టబోయి, ఆగిపోయాడు. ఈ ఏడాదిలో బాగా ముసలివాడయ్యాడు.

“ఇస్తవా తల్లీ?”

హారిక నాలుక బయటపెట్టింది.

ఆయన ఆ ముక్కను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “తాత మీద కోపమా?”

కళ్లు మూసింది. ఆయన బెల్లం తనే ముత్తమ్మ దోసిట్లో వేసి గోదాములోకి వెళ్లిపోయాడు. మా ఆయన ఏమీ అడగలేదు, ఆయనకు ఆ ధైర్యం లేదు.

నేను మోకాళ్ల మీద కూర్చుని తన మొహంలోకి చూశాను.

“నా మీద కూడానా?”

హారిక నన్ను చాలాసేపు చూసింది. నెమ్మదిగా కళ్లు మూసింది.

రెండోసారి అడగలేదు.